మన కంప్యూటర్

ఎవరి వస్తువు గురించి వాళ్లనే అడగడమంత దండగ పని ఇంకొకటి లేదు! ఈ మాట నేను బల్ల గుద్ది చెబుతాను. ఆకలైన వాణ్ణి ఏం తింటావని అడిగితే నోరూరినవన్నీ చెబుతాడు. అసలు ఆకలే లేని నలుగురిని పిలిచి కూర్చోబెట్టండి, తొందర లేకుండా, పక్షపాతం లేకుండా తేలుస్తారు. దీన్నే ఏకాభిప్రాయం అంటారు.

మా వీధిలో ఒకాయన చెప్పులు కొనడానికి బజారుకు ఆరుగురిని వెంటబెట్టుకుని వెళ్లాడు. అందరికీ నచ్చిన జత తెచ్చాడు. అది ఆయన కాలికి పట్టదు, అయితే ఏమైంది? గూట్లో పెట్టి, ఇంటికి వచ్చిన వాళ్లందరికీ చూపిస్తున్నాడు. సొంతంగా కొనుక్కున్న చెప్పులకు ఆ భాగ్యం ఉంటుందా?

ఇంకా నమ్మకం కుదరలేదా? అయితే మానుకోట రామ్మోహన్ ఇంటికి రండి. కాగితాల మీద మహబూబాబాద్ అని రాసినా, మాకు అది మానుకోటే.

సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. బస్సుల్లేవు, బడుల్లేవు, ఆఫీసులకు తాళాలు. తహసీల్ ఆఫీసు ముందు దీక్షల టెంటు వేయించింది రామ్మోహనే. కురవి దగ్గర భూములు, ఊళ్లో షాపులు, మెడలో కండువా ఉన్న మనిషి. రోజూ పొద్దున మైకు పట్టుకుని "మా నీళ్లు మాకు గావాలె, మా కొలువులు మాకు గావాలె, మా సంగతి మేమే జూసుకుంటం" అని గొంతు బొంగురుపోయేదాకా మాట్లాడేవాడు. మనస్ఫూర్తిగానే మాట్లాడేవాడు. వింటుంటే నాకే రోమాలు నిక్కబొడుచుకునేవి.

ఆయన కూతురు అక్షయ వరంగల్‌లో ఇంజనీరింగ్ చదువుతోంది. సమ్మెకు కాలేజీ మూతబడితే ఇంటికొచ్చింది. వచ్చి ఆమె చేసిన ఘోరమేమిటో తెలుసా? తనకొక గేమింగ్ కంప్యూటర్ కావాలంది. అదీ షాపువాడు బిగించి ఇచ్చేది కాదు. ఒక్కొక్క భాగం తానే ఏరి తెచ్చుకుని, తన చేతులతోనే బిగించుకుంటుందట! ఏ ప్రాసెసర్‌కు ఏ మదర్‌బోర్డు సరిపోతుందో, ఏ గ్రాఫిక్స్ కార్డు ఎంత కరెంటు తాగుతుందో హాస్టల్ పక్కన ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చుని ఏడాదిగా చదువుతోందట.

పైసలు నాయనమ్మ సత్తెమ్మవి. తన పేర ఉన్న చెలకలో మిర్చి పండితే, ఆ పైసలు తెచ్చి మనవరాలి చేతిలో పెట్టింది. "నీకు నచ్చింది కొనుక్కో బిడ్డా. నా జిందగిల నాకు నచ్చింది ఒక్కటి గూడ నేను కొనుక్కోలే" అంది. ముసలామెకు ప్రజాస్వామ్యం గురించి ఏం తెలుస్తుంది?

పిల్లకు మాత్రం ఎందుకంత ఆత్రం? ఆమె బతుకంతా ఏకాభిప్రాయంతోనే సాఫీగా సాగింది. సైకిల్ రంగు మేనత్త చెప్పింది. ఇంజనీరింగ్‌లో బ్రాంచి మేనబావ చెప్పాడు. హాస్టల్ గది ఏ దిక్కుకు ఉండాలో పంతులు చెప్పాడు. రేపు పెళ్లి సంబంధమూ ఇలాగే తేలుతుంది. ఇన్ని సౌకర్యాలుండి కూడా ఆ పిల్ల అన్నం దగ్గర తండ్రి పక్కన కూర్చుని, "గీ ఒక్కటి నన్ను ఎంచుకోనియ్ బాపు" అని అడిగింది.

"సరే బిడ్డా, తెచ్చుకో" అన్నాడు రామ్మోహన్.

చెయ్యి కడుక్కునేలోగా ఆయనకు భయం పట్టుకుంది. అడిగిన వెంటనే ఇచ్చేస్తే రేపు ఇంకొకరు ఇంకొకటి అడగరా? తెల్లారి ప్రకటన మార్చాడు. "ఇస్తనన్న మాట నిజమే బిడ్డా. కాకపోతే మన ఇంట్ల అందరి అభిప్రాయం గావాలె గద. అందర్ని అడిగి, అప్పుడు జూద్దాం" అన్నాడు.

ఈ మాట ఎక్కడో విన్నట్టుంది కదూ? రెండేళ్ల కింద ఒక డిసెంబర్ నెలలో ఢిల్లీ కూడా ఇలాగే రాష్ట్రం ఇస్తానంది. నెల తిరగకముందే అందరినీ సంప్రదించాలంది. ఆ మాటకు రామ్మోహన్ రైలు పట్టాల మీద పడుకున్నాడు. అయితే అది వేరు, ఇది వేరు. అక్కడ మోసపోయింది ఆయన!

మర్నాడే కమిటీ పడింది. అధ్యక్షుడు రాజయ్య సారు, రిటైరైన హెడ్మాస్టరు. పుట్టి బుద్ధెరిగి కంప్యూటర్ ముట్టుకోలేదు కాబట్టి ఆయనకు పక్షపాతం ఉండే వీలే లేదు. రెండో ఆయన రామ్మోహన్ మేనల్లుడు హర్షవర్ధన్. హైదరాబాద్ ఆఫీసులో పొద్దస్తమానం కంప్యూటర్ ముందే కూర్చుంటాడు కాబట్టి దాని లోపల ఏముందో తెలిసే ఉంటుందని అందరి నమ్మకం. మూడో ఆయన బయ్యారం పక్క తండా మాజీ సర్పంచ్ బాల్‌సింగ్. టెంటుకు జనాన్ని తెచ్చేది ఆయనే, పిలవకపోతే బాగుండదు.

మరి అక్షయ? కంప్యూటర్ ఆమెది. సొంత లాభం ఉన్న మనిషిని కమిటీలో ఎలా వేస్తారు? చాయ్ తెచ్చే బాధ్యత మాత్రం ఆమెకే అప్పగించారు.

"బిడ్డను గూడ గూసోబెడితె అయిపాయె గద పటేలా" అన్నాడు బాల్‌సింగ్.

"ఆమె అభిప్రాయం మనకు తెలిసిందే గద" అన్నాడు రామ్మోహన్. కమిటీ తల ఊపి ముందుకు సాగింది.

ముందు క్యాబినెట్. భాగాలన్నీ బిగించే ఇనుప డబ్బాను అలా అంటారు. ఆ మాట చెవిన పడగానే రామ్మోహన్ కండువా సర్దుకున్నాడు. క్యాబినెట్‌లో చోటు గురించి ఆయన చాలా కాలంగా ఆలోచిస్తున్నాడు మరి. రంగు దగ్గర పేచీ వచ్చింది. రేపు ఇంటికి అన్ని పార్టీల వాళ్లూ వస్తారు. గులాబీ అయితే ఒకరికి కోపం, ఎరుపైతే ఇంకొకరికి, కాషాయమైతే మరొకరికి. చివరికి ఏ పార్టీ జెండాలోనూ లేని బూడిద రంగు ఖాయమైంది.

తర్వాత గ్రాఫిక్స్ కార్డు. తెర మీద బొమ్మ ఉరకాలన్నా ఎగరాలన్నా అదే ప్రాణం. గేమింగ్ కంప్యూటర్‌కు అది లేకపోతే పెళ్లికొడుకు లేని పెళ్లే. "ఉద్యమం నడుస్తాంటె ఆటలేంది?" అన్నారు రాజయ్య సారు. కార్డు కొట్టేశారు. ఆ పైసలకు కరపత్రాలు తీయడానికి ప్రింటరు, టెంటులో పాటలు వినిపించడానికి పెద్ద స్పీకర్లు చేర్చారు.

లోపలి భాగాలకు కరెంటు పంచే పవర్ సప్లై కూడా కొనాలని అక్షయ చెబితే అందరూ పడీ పడీ నవ్వారు. "కరెంటు సప్లై చేసుడు డిపార్ట్‌మెంటు పని. వాళ్లతోనే అయితలేదు, మనం కొంటమా?" అన్నాడు రామ్మోహన్. డబ్బాతో ఊరికే వచ్చేదే చాలన్నారు. స్విచ్చు తూర్పు ముఖంగా ఉండాలని కూడా తీర్మానించారు.

చూశారా! ఒక్క పిల్ల ఏడాది చదివినా తట్టని సంగతులు పెద్దమనుషులకు రెండు చాయ్‌ల్లో తట్టాయి. ఇంకో చాయ్ పడితే మార్గాలు కూడా సూచించారు. అసలు కొనకుండా ఎప్పటిలాగే ఉండటం ఒక మార్గం. కంప్యూటర్ అక్షయకిచ్చి, మానిటర్‌ను మాత్రం ఉమ్మడిగా ఉంచడం ఇంకో మార్గం. పదేళ్లు ఉమ్మడిగా ఉంచితే చాలని హర్షవర్ధన్ పెద్ద మనసు చేసుకున్నాడు.

అసలు చిక్కు ప్రాసెసర్ దగ్గర వచ్చింది. అది కంప్యూటర్‌కు మెదడు. మదర్‌బోర్డు అది కూర్చునే పీట. ఈ రెండూ ఫలానా కంపెనీవి అయితేనే బాగుంటాయని హర్షవర్ధన్ పట్టు. తాను ఏరుకున్నవి రెండో కంపెనీవని గ్లాసులు పెడుతూ అక్షయ చెప్పింది. ఆ గ్లాసులు తీయడానికి ఆమె మళ్లీ వచ్చేలోగా రాజయ్య సారు తీర్పిచ్చేశారు.

"ఎవ్వలకూ అన్యాలం గావద్దు. ప్రాసెసర్ బిడ్డ చెప్పిన కంపెనీది, బోర్డు పిలగాడు చెప్పిన కంపెనీది. ఇద్దరికీ సమన్యాయం."

"గట్ల కుదరది సార్. అది దీంట్ల పట్టది" అంది అక్షయ.

"అన్నీ నీ మాటే సాగాలంటె ఎట్ల బిడ్డా? నువ్వు గూడ జర తగ్గాలె" అన్నారు సారు. తగ్గడం ఎంత అందమో అందరికీ చెప్పడానికి ఆయనకు మించిన వాడు లేడు. తాను తగ్గాల్సిన అవసరం ఆయనకు ఎన్నడూ రాలేదు.

సత్తెమ్మ పైసలు మనవరాలి చేతిలో నుంచి మేనల్లుడి జేబులోకి వెళ్లాయి. హర్షవర్ధన్ హైదరాబాద్‌లో అన్నీ కొని రైలెక్కాడు. ఆ రైలు కేసముద్రం దగ్గర ఆగిపోయింది. రైలు రోకో! పట్టాల మీద ముందు వరుసలో కూర్చున్నది ఎవరనుకున్నారు? రామ్మోహనే. తన కూతురి కంప్యూటర్ వస్తున్న రైలును తానే ఆపి, పోలీసులు ఎత్తి పడేసేదాకా లేవలేదు. ఆ పట్టుదలను మాత్రం నేను వెక్కిరించను.

సామాన్లు ఇల్లు చేరిన మరుసటి పొద్దున ముందు గదిలో చాప పరిచారు. కమిటీ మొత్తం చుట్టూ కూర్చుంది. అక్షయ బోర్డు తీసి, ప్రాసెసర్ కూర్చునే చోట మూత ఎత్తి తండ్రికి చూపించింది.

"చూడు బాపు. గీ ప్రాసెసర్ కింద ముండ్లున్నయి. గీ బోర్డు మీద గూడ ముండ్లే ఉన్నయి. రంధ్రాలు దేనికీ లెవ్వు. ఇవి రెండు కలవయి."

"ఎందుకు కలవయి? రెండూ కంప్యూటర్ సామాన్లే గద."

"వీటి పుట్టుకనే వేరు బాపు. దేనిది దానికుంటేనే రెండూ పని జేస్తయి."

"జర సర్దుకుంటె అవే కలుస్తయి. ఇన్నొద్దులు కలిసి ఉన్నోళ్లు ఎంతమంది లేరు?" అన్నాడు రామ్మోహన్.

బాల్‌సింగ్ కండువాతో నోరు కప్పుకుని దగ్గాడు. టెంటు కింద ఈ మాట ఇంకెవరైనా అని ఉంటే రామ్మోహన్ వాణ్ణి డోర్నకల్ దాకా తరిమేవాడు. ఇంట్లో ఇది ఆయన నోటి నుంచే వచ్చింది కాబట్టి వివేకం అయింది.

అక్షయ చేయి వేయనంది. ఆయనే ముందుకు జరిగాడు. ప్రాసెసర్‌ను బోర్డు మీద పెట్టి బొటనవేలితో బలంగా అదిమాడు. లోపల సన్నగా కరకరమంది. తీసి చూస్తే ప్రాసెసర్ ముండ్లు గాలివానకు పడ్డ వరిలాగా ఒక పక్కకు ఒరిగాయి. బోర్డు మీదవీ నలిగాయి. కలిపిన వాడి వేలికి మాత్రం చిన్న గీత కూడా పడలేదు.

ఏడాది ఆశ కళ్లముందు నలిగిపోతే ఎవరికైనా కడుపు మండుతుంది. అక్షయకూ మండింది. ప్రాసెసర్‌ను తీసి అరచేతిలో పెట్టుకుంది.

"పోనియ్ బిడ్డా. మన కంప్యూటరే గద, మల్ల జూద్దాం" అన్నాడు రామ్మోహన్.

"మన అనకు బాపు" అంది అక్షయ. "మా నీళ్లను మన నీళ్లంటాన్రని టెంటు కాడ నువ్వే లొల్లి జేస్తవు. వాళ్లు మన అన్నప్పుడల్ల మా చెరువు ఎండుతాందని నువ్వే చెప్తవు. గిది నాయనమ్మ నాకిచ్చింది. నాది. నువ్వు మన అన్న నాడే నా చేతులకెల్లి పోయింది."

"మా బయ్యారం గుట్టల ఇనుమును గూడ గట్లనే మన ఇనుమంటరు పటేలా" అన్నాడు బాల్‌సింగ్, ఎవరి ముఖమూ చూడకుండా.

"ఇంటి ముచ్చట ఏడ, ఉద్యమం ఏడ? రెంటికి ముడి పెడతరా?" అని రామ్మోహన్ లేచాడు. మీటింగ్‌కు వేళవుతోంది. కమిటీ మళ్లీ కూర్చుంటుందని చెప్పి, కండువా దులుపుకుని వెళ్లిపోయాడు.

ఆ రోజు దీక్షలో ఆడవాళ్ల వంతు. సత్తెమ్మ మనవరాలి రెక్క పట్టుకుని "నడువ్" అంది. ఇద్దరూ వెళ్లి ముందు వరుసలో కూర్చున్నారు. రామ్మోహన్ మైకు అందుకున్నాడు. ఇంట్లో పోయిన గొంతు అక్కడ తిరిగొచ్చింది.

"ఢిల్లీని నేను ఒక్కటే అడుగుతున్న. మా కోసం కమిటీలేసిన్రు. తిరిగిన్రు. తిన్నరు. రాసిన్రు. ఇన్ని జేసిన్రు గని, మేం జెప్పింది ఇన్నరా?"

"ఇనలే!" అంది టెంటు మొత్తం.

అందరికంటే గట్టిగా అన్నది అక్షయ. లేచి నిలబడి అంది. పక్కన సత్తెమ్మ కూడా పిడికిలి ఎత్తింది. మిగతా వాళ్ల పిడికిళ్లన్నీ ఢిల్లీ కోసం లేచాయి. ఈ ఇద్దరూ రామ్మోహన్‌నే చూస్తున్నారు.

నినాదం అన్నాక మళ్లీ మళ్లీ అడగాలి. ఆయన నోరు తెరిచాడు. కూతురి ముఖం చూశాడు. మైకు కిందికి దిగింది. జనం మాత్రం ఆగలేదు, ఆయన అడగకుండానే ఇనలే, ఇనలే అని అరుస్తూ పోయారు.

ఏకాభిప్రాయం కుదిరే పని కాదనే వాళ్లు ఆ పూట మానుకోటలో ఉండాల్సింది. ఇంటివాళ్లు, బయటివాళ్లు, అన్ని రంగుల కండువాల వాళ్లు, తండా వాళ్లు, అందరూ ఒక్కటే మాట అన్నారు. ఒప్పుకోవాల్సిన వాడు ఒక్కడే మిగిలాడు, మైకు పట్టుకుని.