ఉచిత ప్రయాణం

ఒక పెద్ద అడవిలో, ఈ గట్టు వాళ్లకి తిండి ఆ గట్టునా, ఆ గట్టు వాళ్లకి నీడ ఈ గట్టునా ఉండేలా మధ్యలో ఒక ఏరు పారేది. ఆ ఏటిలో ఒక మొసలి తలకో చేప కూలి పుచ్చుకుని అందరినీ వీపు మీద దాటించేది. ఎక్కేముందు ఒక్కటే షరతు.

"కళ్లు మూసుకోండి. నీళ్లు చూస్తే తల తిరుగుతుంది."

కళ్లు తెరిచేసరికి గట్టు వచ్చేది, తోక పోయేది.

"ఉరవడికి కొట్టుకుపోయి ఉంటుంది. ఒడ్డుకి చేర్చే పూచీ నాది, తోకల పూచీ కాదు," అనేది మొసలి, పళ్లు కుట్టుకుంటూ.

అలా తోక పోగొట్టుకున్నవాళ్లలో సూరీడమ్మ అనే కొండముచ్చు ఉంది. ఉడుతకి తోక పోతే అందం పోయింది. జింకకి పోయినా పెద్దగా తెలియలేదు. సూరీడమ్మకి మాత్రం బతుకే తలకిందులైంది. కొమ్మ మీంచి కొమ్మకి దూకితే ఒళ్లు నిలవదు. రెండుసార్లు పడి నడుం విరగ్గొట్టుకోబోయి, చివరికి నేల మీద రాలిన కాయలు ఏరుకు తినడం మొదలుపెట్టింది. పైనుంచి తన వాళ్లు జాలిపడి పళ్లు విసిరేవాళ్లు. ఆ పళ్లు మాత్రం ముట్టుకునేది కాదు.

అప్పుడొచ్చింది నక్క వకీలు.

"ఒక్కొక్కరూ వెళ్తే కొండ మీద తీర్పులు చెప్పే ఏనుగు దొరగారు వింటారా? తోకలు పోయినవాళ్లందరి తరఫునా ఒకే దావా వేస్తాను. మీరు ఇంట్లో కూర్చోండి చాలు," అంది.

అందరూ కూర్చున్నారు. వానలు పోయి చలి వచ్చింది. చలి పోయాక ఒకనాడు కాకి వచ్చి, ఇంటింటికీ ఒక టేకాకు పడేసి పోయింది. నోటీసు! చీమలు కూడా కళ్లు చికిలించి చదవాల్సినంత చిన్న అక్షరాలు. ఇప్పచెట్టు కింద చేరి, ఉడుత గట్టిగా చదివింది.

"మొసలిగారు ఏ తప్పూ ఒప్పుకోరు. అయినా దయతలచి, తోక పోయిన ప్రతివారికీ ఒక ఉచిత ప్రయాణం ఇస్తారు. కావలసినవారు వేలిముద్ర వేసి పంపాలి. వద్దనేవారు కొండెక్కి దొరగారి ఎదుట స్వయంగా చెప్పుకోవాలి. ఏ జవాబూ ఇవ్వనివారు ఒప్పుకున్నట్టే. ఇక జన్మలో నోరెత్తకూడదు. ప్రయాణాల్లో మూడో వంతు వకీలు ఫీజు."

"ఉచితమేగా వదినా, వదులుకోవడం ఎందుకు?" అంది జింక.

"నేను నోటీసులకి జవాబివ్వను. మా వంశంలోనే లేదు," అంది అడవిదున్న.

"ఇవ్వకపోతే ఒప్పుకున్నట్టేనట బాబాయ్!" అంది ఉడుత.

"అంటే ఇప్పుడు నేను ఒప్పుకుంటున్నానా? ఎప్పట్నుంచి?"

సూరీడమ్మ ఆకు పట్టుకుని తిన్నగా నక్క దగ్గరికి పోయింది.

"వకీలుగారూ, తోక తిన్నవాడి వీపే మళ్లీ ఎక్కమంటున్నారా?"

"ఇంకా పోవడానికి తోకేది తల్లీ, భయం దేనికి?"

"చెవులున్నాయి."

"దేన్నయినా చెడ్డగా చూడకూడదమ్మా."

"మరి మీ వాటా ప్రయాణాలు ఏం చేసుకుంటారు?"

"పొరుగడవి వాళ్లకి అమ్ముకుంటాను," అనేసి, నక్క నాలుక కరుచుకుంది.

మర్నాడు సూరీడమ్మ కొండెక్కింది. తోక ఉంటే చెట్ల మీదుగా చిటికెలో పోయే దారి. రాళ్లు పట్టుకుని, జారుతూ, పాకుతూ మధ్యాహ్నానికి చేరింది. మోకాళ్లు దోక్కుపోయాయి. ఏం జరుగుతుందో చూద్దామని మిగతావాళ్లూ వెనకాలే వచ్చారు. నక్క అప్పటికే ఏనుగు దొరగారి పక్కన నిలబడి ఉంది.

"వకీలూ, ఈ రాజీ న్యాయమైనదేనా?" అడిగింది ఏనుగు.

"నిఖార్సైన న్యాయం దొరగారూ! ప్రయాణం కూడా భద్రం."

"అయితే వకీలుగారి ఫీజు ముందు ఇప్పించండి," అంది సూరీడమ్మ. "ఆయన మా అందరి ఎదుట ఏరు దాటి క్షేమంగా దిగితే, నేనూ వేలిముద్ర వేస్తాను."

నక్క చటుక్కున చేతులు జోడించింది. "నా ఫీజు... పేదలకి దానం చేస్తున్నాను."

"తరవాత చేద్దువుగాని. ముందు పుచ్చుకో," అంది ఏనుగు.

అందరూ ఏటి ఒడ్డుకి దిగారు. మొసలి ఎంతో మర్యాదగా వీపు చూపించింది. "రండి వకీలుగారూ. కళ్లు మూసుకోండి."

నక్క కళ్లు మూయలేదు. అందుకే ఏటి నడుమ మొసలి మెడ వెనక్కి తిరగడం, నోరు తెరుచుకోవడం, అన్నీ చూసింది.

"ఒరేయ్, నేను నీ వకీల్నిరా!" అని అరిచింది. ఒక్కసారిగా అన్ని తలలూ ఒడ్డు మీంచి ముందుకి సాగాయి. అంతవరకూ అది తమ వకీలనే అనుకుంటున్నారు మరి. "దొరగారూ, వీడు తోకలు తింటాడు! నాకు మొదట్నుంచీ తెలుసు! కాపాడండి!"

ఏనుగు తొండం చాచి నక్కని గట్టుకి లాగింది. వచ్చినంత వరకే వచ్చింది. తోక రాలేదు.

రాజీ అక్కడికక్కడే రద్దయింది. మొసలిని దిగువ మడుగుకి తరిమేశారు. ఏనుగే ఒక పెద్ద మద్దిమాను కూల్చి ఏటికి అడ్డంగా వేసింది. సూరీడమ్మకి తోక మొలవలేదు. కానీ ఆ సాయంత్రమే, ఎవరి వీపూ ఎక్కకుండా, కళ్లు బార్లా తెరుచుకుని, ఆ మాను మీద మెల్లగా ఆవలి గట్టుకి నడిచి, తన చేత్తో ఒక పండు కోసుకు తింది.

నక్క మాత్రం పొరుగడవిలో కొత్త బోర్డు కట్టింది: "తోకలు పోయినవారు సంప్రదించగలరు. వకీలుకి స్వానుభవం ఉంది."

నీతి: ఉచితంగా వచ్చేదాన్ని ఎన్నడూ కాదనరాదు, ఇప్పించినవాడికే ముందుగా వడ్డించాలి.