పోయిన ప్రతిభ వాపస్

"ప్రతిభను పోనియ్యం! పోయినదాన్ని వాపస్ తెస్తం!" అని మా ఊరి మున్సిపల్ ఛైర్మన్ గంగాప్రసాద్ గారు మేం పనులకొచ్చి ఉంటున్న మస్కట్‌లో, దార్సైట్ హాల్లో ప్రకటించారు. ఈ ఒక్క మాట చెప్పడానికి పాపం విమానమెక్కి వచ్చారు. మాకోసం ఎంత తిప్పలు!

రుజువు కూడా వెంట తెచ్చుకున్నారు. పేరు ఆంజి, మా మున్సిపాలిటీలో పంపు మెకానిక్. ఛైర్మన్ గారు అతని భుజం తట్టి, "పదేండ్ల సంది టెంపరరీగనే ఉన్నడు. ఎటన్న పోయిండా? టాలెంట్‌ను గిట్ల కాపాడుకుంటం" అన్నారు. అందరం చప్పట్లు కొట్టాం. ఆంజి కూడా కొట్టాడు.

వాపస్ పోవలసిన ప్రతిభను ఒమన్‌లోనే ఇంకో ఊరు, నిజ్వా నుంచి నా బండిలో నేనే తెచ్చాను. లింబాద్రి. అక్కడొక కంపెనీలో అతనిదీ పంపుల పనే. ఛైర్మన్ గారు శాలువా కప్పి, "రా తమ్మీ, మున్సిపాలిటీల నౌకరి నీదే" అన్నారు. పుట్టిన బిడ్డను ఇంకా ఫోన్‌లోనే చూస్తున్న లింబాద్రికి కళ్లు తడిశాయి. నాకూ తడిశాయి, దాచడమెందుకు.

"గిప్పుడే మీ సేటుకు ఫోన్ కొట్టు. మైకుల అందరికి ఇనపడాలె."

లింబాద్రి కొట్టాడు. "అర్బాబ్, మై ఘర్ జాతా. కామ్ ఖలాస్."

మైకులో యజమాని గొంతు చల్లగా పలికింది. "అచ్ఛా. దూస్రా మెకానిక్ హై?"

"మా దగ్గర టాలెంట్‌కు కొదువా!" అని ఛైర్మన్ గారు మీసం దువ్వారు.

ఆ చెయ్యి మీసం దిగకముందే ఆంజి ఫోన్ అందుకున్నాడు. "మై హూఁ, అర్బాబ్! వీసా కిత్‌నే దిన్ కా?"

"దో సాల్."

పదేళ్లలో రెండేళ్ల భరోసా ఎవరూ ఇవ్వని మనిషి. "రేపే డ్యూటీకొస్త" అని తెలుగులోనే అరిచేశాడు. మళ్లీ చప్పట్లు మోగాయి.

లింబాద్రి తేరుకుని, "అయితే సార్, ఆంజన్న జాగా నాకేనా?" అన్నాడు.

"నీదే తమ్మీ. గని అది గిప్పుడే ఖాళీ అయింది గద. ఖాళీ పోస్టంటే రూల్సుంటయ్. గవి తేలేదాంక మా బామ్మర్ది చూసుకుంటడు."

"ఆయనకు పంపుల పని వస్తదా?"

"నేర్పిస్తం. స్టాఫ్ డెవలప్‌మెంట్ అంటే ఏందనుకున్నవ్?"

"మరి నేనెటు పోవాలె సార్?"

ఛైర్మన్ గారు అతన్ని ఎంతో ఆప్యాయంగా చూశారు. తన చేతులతోనే శాలువా తీసి, పాత మడతల మీదే జాగ్రత్తగా మడిచి, నావైపు తిరిగారు.

"రేపు సూర్ పట్నంల ఇంకో టాలెంట్ ఉన్నడట. బండి తెస్తవా?"

"పొద్దున ఎన్ని గంటలకు సార్?" అన్నాను.