సంపులో నలభై డైవులు

డైవ్ లాగ్ బ్యాకప్ తీసుకోవడం కంటే మనిషికి మేలు చేసే పని ఈ భూమ్మీద మరొకటి లేదు! భూమ్మీద అని ఎందుకన్నానంటే, ఆ పని మొదలుపెట్టినవాడు మళ్ళీ నీళ్ళ జోలికి పోడు కాబట్టి.

నవ్వకండి. నేను రుజువుతో మాట్లాడుతున్నాను. ఆ రుజువు మా బావ.

ముందు తెలియనివారికి రెండు ముక్కలు. వీపున గాలి సిలిండరు కట్టుకుని సముద్రం అడుగుకి వెళ్ళి, చేపల్ని పలకరించి వచ్చే సరదా ఒకటుంది. దాన్ని స్కూబా డైవింగ్ అంటారు. అలా దిగేవాళ్ళు చేతికి గడియారం లాంటి యంత్రం ఒకటి కట్టుకుంటారు. అది డైవ్ కంప్యూటర్. ఎంత లోతుకి పోయారు, ఎంతసేపు ఉన్నారు, నీళ్ళెంత చల్లగా ఉన్నాయి, పైకి ఎంత నెమ్మదిగా రావాలి, అన్నీ అదే చూసుకుంటుంది. చూసుకుని ఊరుకోదు, రాసి పెట్టుకుంటుంది. ఆ రాతే డైవ్ లాగ్. నాకా, స్నానానికి బకెట్టు నిండితేనే గుండె దడ. కాబట్టి ఈ విషయం మీద నిష్పక్షపాతంగా రాయగల అర్హత నాకే ఉంది!

మా బావ లిఫ్ట్ మెకానిక్. వారంలో ఆరు రోజులు జనాన్ని పైకి పంపిస్తాడు, ఏడో రోజు తాను కిందికి పోతాడు. నలభయ్యో ఏట ఈత నేర్చుకుని, నలభై రెండో ఏట డైవింగ్ నేర్చుకుని, ఆరేళ్ళలో యాభై రెండు సార్లు సముద్రంలో మునిగాడు. యాభై రెండు సార్లూ తేలాడు. ఈ రెండు అంకెలూ ఒకటే కావడం మా అక్కకు చాలా ముఖ్యం.

బావకు ఒకే ఒక్క కోరిక. రేవులో డైవింగ్ పడవ నడిపే కెప్టెన్ దగ్గర ఆదివారాలు గైడుగా చేరాలి. కొత్తవాళ్ళను చెయ్యి పట్టుకుని అడుగుకి తీసుకెళ్ళి, అక్కడి వింతలు చూపించి తీసుకురావాలి. లిఫ్ట్ బాగుచేసినవాడి మొహం ఎవరు చూస్తారు చెప్పండి? తలుపు మూసుకుంటుంది, జనం ఎవరి అంతస్తుకు వాళ్ళు వెళ్ళిపోతారు. జీవితంలో ఒక్కసారైనా నలుగురిని వెంటబెట్టుకుని వెళ్ళి ‘అదిగో, అటు చూడండి’ అనాలని ఆయన ఆశ. కెప్టెన్ పెట్టిన షరతు కూడా ఒక్కటే. యాభై డైవుల లాగ్ చూపించాలి.

యాభై చాలు, బావ దగ్గర యాభై రెండున్నాయి! ఆ సాయంత్రమే వెళ్ళి గడియారం చూపిస్తే పని అయిపోయేది. కానీ ‘చూపించే ముందు ఒకసారి బ్యాకప్ తీసుకో బావా, యంత్రాన్ని నమ్మకూడదు’ అని ఎవరో సలహా ఇచ్చారు. ఎవరని అడక్కండి. పత్రికల్లో సలహాలు రాసుకుని బతికే ఒక పెద్దమనిషి అనుకోండి. అలా బ్యాకప్ అనే మహాభాగ్యం ఆ ఇంట కుడికాలు పెట్టింది.

దానివల్ల మొట్టమొదట అలవడేది ఓర్పు. డైవులన్నీ పాత ఫోనులోని యాప్‌లో ఉండేవి. ఆ ఫోను పోయి కొత్త ఫోను వచ్చింది. ఈలోగా ఆ యాప్ కంపెనీని ఇంకో కంపెనీ కొనేసింది. కొత్త కంపెనీ పాత పాస్‌వర్డ్ అడిగింది. మర్చిపోయానంటే, కోడ్ పంపిస్తానంది. కోడ్ పాత నంబరుకి పోయింది. ఆ నంబరు ఇప్పుడొక పళ్ళ డాక్టరమ్మది. పాపం ఆవిడ మంచిదే, మూడుసార్లు కోడ్ చదివి చెప్పింది. నాలుగోసారి మాత్రం ‘‘పన్ను నొప్పుంటే రండి, లేకపోతే ఫోన్ చెయ్యకండి’’ అంది.

ఎట్టకేలకు అకౌంట్ తెరుచుకుంది. లోపల ఏముంది? ఒక సందేశం ఉంది! ‘ఏడాదిగా వాడనందున మీ డైవ్‌లను తొలగించాం. మీ భద్రతే మా ధ్యేయం.’ చూశారా, మన భద్రత కోసం ఎంత త్యాగానికైనా వాళ్ళు సిద్ధమే. త్యాగం చేసేవి మాత్రం మన వస్తువులు.

కొంపలేం మునిగిపోలేదు. అసలు లాగ్ గడియారంలో భద్రంగానే ఉంది. దాన్ని లాప్‌టాప్‌కి కలిపితే చాలు. కలపడానికొక కేబుల్, కేబుల్ చివరొక క్లిప్పు. ఆ క్లిప్పు గడియారాన్ని పట్టుకోదు, మనిషే పట్టుకోవాలి, అదీ వేలు కదలకుండా. బావ లాప్‌టాప్ ముందు కూర్చుంటే అక్క నలభై నిమిషాలు అలా నొక్కి పట్టుకుంది.

‘‘పెళ్ళిలో కూడా ఆయన చెయ్యి ఇంతసేపు పట్టుకోలేదురా’’ అంది నాతో.

దాంపత్యాన్ని ఇంతగా బిగించే పరికరం ఇంకేదైనా ఉంటే నాకు రాయండి!

నలభయ్యో నిమిషంలో తెర మీద ‘కొత్త డైవ్‌లు లేవు’ అని వచ్చింది. గడియారంలో యాభై రెండు కనిపిస్తూనే ఉన్నాయి కదా? ఉన్నాయి. కానీ అవి ఒకసారి పాత యాప్‌కి ఇచ్చేసినవట. ఇచ్చేసినవి పాతవట. యాప్ కొత్తవాటినే ముట్టుకుంటుందట.

ఇక్కడ మీకు లిఫ్ట్ మెకానిక్కుల నియమం ఒకటి చెప్పాలి. లిఫ్ట్ బాగుచేశాక ఖాళీగా ఒకసారి కిందికీ పైకీ నడిపించి చూడందే మనుషుల్ని ఎక్కించరు. పాతికేళ్ళుగా బావ ఈ నియమం తప్పలేదు. కాబట్టి కేబుల్ పనిచేస్తోందా లేదా తేలాలంటే, ముందు ఒక ఖాళీ డైవ్ నడిపించి చూడాలనుకున్నాడు.

‘‘సముద్రానికే పోయి ఓసారి దిగొచ్చు కదా బావా?’’ అన్నాను.

‘‘ఉన్నవి భద్రం కాకుండా కొత్తవి దిగమంటావా? బోల్టు బిగించని లిఫ్ట్‌లో జనాన్ని ఎక్కిస్తానా నేను?’’ అన్నాడు.

అందుకని ఆయన అపార్ట్‌మెంట్ కింద ఉన్న నీళ్ళ సంపు దగ్గరికి వెళ్ళాడు. మూత తీసి, గడియారాన్ని నైలాన్ తాడుకి కట్టి, రెండు మీటర్ల లోతుకి దించి, పది నిమిషాలు గట్టున కూర్చున్నాడు. యంత్రానికి ఏం తెలుసు పాపం? యజమాని సముద్రంలో ఉన్నాడనుకుని శ్రద్ధగా అంతా రాసుకుంది. పైకి తీసి కలిపితే ‘ఒక కొత్త డైవ్!’ అంది తెర. బావ ఎగిరి గంతేశాడు. వచ్చింది ఆ సంపు డైవ్ ఒక్కటే, వెనకున్న యాభై రెండూ కదల్లేదు. అయితేనేం, దారి దొరికిందిగా!

ఆ మర్నాడు సెట్టింగు మార్చి ఇంకో డైవ్. కేబుల్ మార్చి ఇంకోటి. పక్కింటివాళ్ళ లాప్‌టాప్ తెచ్చి మరోటి. ఒక వారం డ్యూటీకి వెళ్ళేముందు సంపు, ఇంకో వారం సెలవు రోజున సంపు. చివరికి అపార్ట్‌మెంట్ సెక్రటరీ దిగి వచ్చాడు.

‘‘ఇక్కడేం జరుగుతోందండీ?’’

‘‘డైవింగ్.’’

‘‘ఎవరు దిగారు?’’

‘‘ఎవరూ దిగలేదు.’’

సెక్రటరీ మర్నాడే సంపు కడిగించాడు. ఆరేళ్ళుగా ఎన్ని అర్జీలు పెట్టినా కడగని సంపు! బ్యాకప్ వల్ల సమాజానికి ఉపయోగం లేదనేవాళ్ళు ఇప్పుడేమంటారు?

అలా ఎనిమిది నెలలు గడిచాయి. నలభై సంపు డైవులు పోగయ్యాయి. ఒక్కొక్కటీ లాప్‌టాప్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి, క్లౌడ్‌లో ఒకటి, మూడేసి చోట్ల భద్రం. ఈ ఎనిమిది నెలల్లో బావ సముద్రం మొహం చూడలేదు. ఒంటికి ఉప్పునీరు తగల్లేదు, అలలు లేవు, ప్రమాదం లేదు. ఆదివారం పూట గుమ్మంలో నిలబడి ఎదురుచూసే బాధ అక్కకు తప్పింది. నేను మొదట్లో చెప్పిన మేలు ఇదే.

అప్పుడు కెప్టెన్ ఫోన్ చేశాడు. ‘‘ఇంకొకాయన కూడా అడుగుతున్నాడయ్యా. ఈ ఆదివారం రా. బ్యాకప్పూ గీకప్పూ నాకెందుకు? గడియారం తీసుకురా, చాలు’’ అన్నాడు. ధైర్యానికి నన్ను కూడా తీసుకెళ్ళాడు బావ. నేను పడవ ఎక్కలేదు, గట్టునే నిలబడ్డాను.

కెప్టెన్ కళ్ళజోడు పెట్టుకుని గడియారం బటన్ నొక్కుతూ ఒక్కో డైవే వెనక్కి చూసుకుంటూ పోయాడు. నొసలు ముడిపడింది.

‘‘రెండు మీటర్లు. రెండు మీటర్లు. మళ్ళీ రెండే. ఈ నలభై ఏ సముద్రంలో దిగావయ్యా?’’

‘‘మా సంపులో.’’

‘‘నువ్వా?’’

‘‘లేదండీ. గడియారం ఒక్కటే.’’

‘‘నీళ్ళలోకి జోడీ లేకుండా దింపకూడదయ్యా, ఎవర్నయినా సరే’’ అని, కెప్టెన్ మళ్ళీ బటన్ నొక్కసాగాడు. సంపు దాటాక అసలు డైవులు మొదలయ్యాయి. ఒకటి, రెండు, పది, ఇరవై. ఇరవై దగ్గర లాగ్ అయిపోయింది.

‘‘మిగతావి?’’ అన్నాడు బావ.

‘‘దీంట్లో అరవయ్యే పడతాయి. అరవై ఒకటోది వస్తే మొదటిది చెరిపేసుకుంటుంది. డబ్బాలో కాగితం కూడా ఉంటుందే, చదవలేదా?’’

లెక్క మీరే వేసుకోండి. అరవైలో ఖాళీ ఎనిమిదే. అవి నిండాక, భద్రం చెయ్యాలని దించిన ప్రతి తాడూ అడుగునున్న పాత డైవ్‌ను ఒక్కొక్కటిగా తోసేసింది. నిజం డైవులు ముప్పై రెండు పోయాయి. సంపు డైవులు నలభైకి నలభై, మూడేసి చోట్ల చిరంజీవులై ఉన్నాయి. ఇరవైతో గైడు ఉద్యోగం రాదు. బావ మొహం చూడలేక నేను పడవల వంక చూశాను.

కెప్టెన్ మనసున్నవాడు. గడియారం పక్కన పెట్టేశాడు.

‘‘పోనీలే. దిగినవాడెవడో మాట వింటే నాకు తెలుస్తుంది. నీ మొట్టమొదటి డైవ్‌లో ఏం చూశావో చెప్పు. అది విని సంతకం పెట్టేస్తా’’ అన్నాడు.

బావ తడుముకోకుండా అందుకున్నాడు. ‘‘పద్నాలుగు మీటర్లండీ. ముప్పై ఎనిమిది నిమిషాలు. నీళ్ళు ఇరవై ఏడు డిగ్రీలు.’’

‘‘అది గడియారం చూసింది. నువ్వేం చూశావు?’’

బావ నోరు తెరిచాడు. ఎనిమిది నెలలు పగలనకా రాత్రనకా కాపాడుకున్న ఆ డైవ్‌లోంచి ఒక్క చేప కూడా బయటికి రాలేదు. నాకు నిజంగా ఏడుపొచ్చింది.

‘‘ముప్పై దిగి రావయ్యా. అప్పటిదాకా ఆ ఇంకొకాయన చేస్తాడు. నీ చోటు ఎక్కడికీ పోదు’’ అని కెప్టెన్ గడియారం చేతిలో పెట్టాడు.

ఇంటికొచ్చి బావ గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నేను అక్కను ఓదారుద్దామని, ‘‘పోనీలే అక్కా, నీకు మాత్రం మంచే జరిగింది. ఎనిమిది నెలలు మనిషి కళ్ళెదుట ఉన్నాడు’’ అన్నాను.

‘‘ఎక్కడున్నార్రా?’’ అంది అక్క. ‘‘సముద్రంలోకి పోతే గంటలో తేలేవారు. ఈ బ్యాకప్‌లో మునిగి ఎనిమిది నెలలైంది, ఇంకా తేల్లేదు.’’

తర్వాత లోపలికి వెళ్ళి ఆయన్ని లేపింది. ‘‘వచ్చే ఆదివారం బయల్దేరండి. గడియారం కట్టుకునే దిగండి, పైకి రావాలి కదా. కానీ అది ఏం రాసుకుందో నాకొద్దు. మీరేం చూశారో వచ్చి చెప్పండి, నేను రాస్తా’’ అంది. నీళ్ళంటే నాకన్నా భయపడే మనిషి మా అక్క!

ఇప్పటికి పదమూడు అయ్యాయి. ఇంకా పదిహేడు దిగాలి. చాకలి పద్దు రాసే నోటుబుక్కును తిరగేసి, వెనకనుంచి అక్క రాస్తోంది. ‘మూడోది. తాబేలు. ఈయన్ని చూసి కూడా పట్టించుకోలేదట.’ ‘ఏడోది. నీళ్ళు మురికి. ఏమీ కనపళ్ళేదు, అయినా గంట చెప్పారు.’ ‘పదకొండు. చిన్న చేప ఒకటి గడియారం అద్దంలో తన్ను తాను చూసుకుని వెళ్ళిందట. అబద్ధమేమో. రాశాను.’ ప్రతి డైవ్ కిందా కెప్టెన్ సంతకం ఉంది.

మొన్న ఆ పుస్తకం చదువుతుంటే నా మనసు ఊరుకోలేదు. ఇంత అపురూపమైన వస్తువు ఒక్కటే కాపీనా? టీ ఒలికితే? ఎలుక కొడితే? పాఠకులారా, మీరైనా ఊరుకుంటారా?

‘‘అక్కా, దీన్ని ఫోటోలు తీసి ఓ మూడు చోట్ల...’’ అన్నాను.

అక్క బావ వైపు తిరిగింది. ‘‘ఏమండీ, ఆ నైలాన్ తాడు ఎక్కడ పెట్టారు? వీణ్ణోసారి సంపులో దించాలి’’ అంది.