మహిమకు సర్కారిచ్చిన చెవుడు

పొద్దున్నే బేతంచెర్లలో బస్సెక్కి, కర్నూలు వికలాంగుల శిబిరంలో తమ్ముడు లేవికి చెవుడు సర్టిఫికెట్ ఇప్పించి, పొద్దుగూకేలోగా ఇల్లు చేరాలని మహిమ అనుకుంది. 2006 వేసవి అది. బధిరుల పాఠశాలలో చెవిటివాళ్ళకే కేటాయించిన వంటమనిషి ఉద్యోగం ఖాళీగా ఉంది. నాపరాళ్ళ పాలిష్ దుమ్ములో దగ్గుతూ బతుకుతున్న లేవి దానిమీదే ఆశలన్నీ పెట్టుకున్నాడు. దరఖాస్తుకు మర్నాడే ఆఖరు. పుట్టుచెవిటివాడైన అతని సైగలను నోటితో చెప్పగలిగేది అక్క ఒక్కతే.

శిబిరం గుమ్మంలో అటెండరు రంగన్న, వాళ్ళకంటే ముందున్న చెవిటి ముసలామెకు తోడొచ్చిన కొడుకును ఆపేశాడు.

"దొంగ చెవిటోళ్ళు శానామంది వస్తాండారప్పా. తోడొచ్చినోళ్ళు లోపలికి పోగూడదు."

లోపల సైగలు తెలిసినవాణ్ణి ఒక్కణ్ణీ పెట్టరు, తెలిసినవాళ్ళను గుమ్మం దాటనివ్వరు, మహానుభావులు! మహిమకు ఒళ్ళు మండింది. తన వంతు రాగానే నోరు మూసుకుని, చెవి చూపించి, చెయ్యి అడ్డంగా ఊపింది.

"అయ్యో, ఇద్దురూనా!" అని రంగన్న రేషన్ కార్డు చూసి ఆమె పేరు కూడా రాసుకున్నాడు.

లోపల డాక్టరు శివప్రసాద్ గారి చెవులు పరీక్షించే యంత్రం చెడిపోయింది. ఆయన మహిమ వెనక నిలబడి స్టీలు పళ్ళెం మీద గరిటెతో ఠంగుమని కొట్టారు. గుండె ఝల్లుమన్నా ఆమె కదల్లేదు. దొరికిపోతే తమ్ముడి తరఫున చెప్పేవాళ్ళుండరు.

"పూర్తి చెవుడు," అన్నారు డాక్టరు. గుమాస్తా ముద్ర గుద్దాడు.

లేవి వంతు వచ్చేసరికి ఆయనకు విసుగొచ్చింది. గరిటె పక్కన పడేసి, లేవి చెయ్యి ఆనించిన బల్లమీదే దభీమని చరిచారు. లేవి ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు.

"శుభ్రంగా వినపడుతోంది. దొంగ! రాయవయ్యా, అర్హత లేదని."

"బల్ల అదిరింది సార్!" మహిమ అరిచేసింది. "చెయ్యి ఆనించినాడు గదా, అందుకే తిరిగినాడు. ఇనపడేది నాకు సార్, వానికి గాదు!"

డాక్టరు ఆమె నోటివైపు, ఆమె సర్టిఫికెట్ వైపు మార్చి మార్చి చూశారు. పరీక్ష తప్పని ఒప్పుకుంటే పొద్దున్నుంచి వచ్చినవాళ్ళందరికీ మళ్ళీ చేయాలి.

"ముద్ర పడిపోయిందమ్మా," అన్నారు మెల్లగా. "రెండు కాగితాలూ ఇప్పుడు మార్చడానికి లేదు. వచ్చే ఏడాది శిబిరానికి రండి."

"ఉద్యోగానికి రేపే ఆఖరు సార్!"

"నెక్స్ట్!"

బయటికొచ్చాక, ఏమన్నారని లేవి చేతులతో ఆత్రంగా అడిగాడు. చిన్నప్పటినుంచీ ఊరందరి మాటలనూ అతనికి చేర్చిన మహిమ చేతులు ఈ ఒక్క మాట చెప్పలేకపోయాయి. ఆమెకు ఏడుపొచ్చింది. చదువురాని లేవి ఆమె చేతిలోని కాగితం మీద ముద్ర చూసి, అది తనదేననుకుని నవ్వుతూ కళ్ళకద్దుకున్నాడు.

ప్రభుత్వ లెక్కల్లో ఆ ఇంట్లో వినపడని మనిషి ఆరోజు నుంచి మహిమ ఒక్కతే.