చీర కట్టిన గడ్డి మిషిన్

"దొర రాని మామను తెమ్మన్నడే," అన్నాడు సిద్దిరాములు పొద్దున్నే యాపపుల్ల నములుతూ.

అతని పెళ్లాం సక్కుబాయి చేతిలో చేట ఆగింది. జైపాల్‌రావు దొర మామగారు పెళ్లినాటి అలకతో ఇప్పటిదాకా అల్లుడి గడప తొక్కలేదని ఊరందరికీ తెలుసు. "ఎట్ల తెమ్మన్నడు?"

"హుజూరాబాద్ లారీ ఆఫీసుల దిగిండట. బండికెక్కించి తాళ్లతోని కట్టుమన్నడు. పండవెట్టొద్దట, నిలవెట్టే తేవాల్నట. కడుపులున్నదంత అక్కడ్నే తీయించుమన్నడు."

"అవ్వో, మామ మీద గంత పగనా," అని సక్కుబాయి బుగ్గన చెయ్యి పెట్టుకుంది.

బండి కట్టుకొని వచ్చిన బాలమల్లు వాకిట్లోంచే నవ్వాడు. "రాని మామ గాదు సక్కుబాయి, లాన్ మోవర్. గడ్డి కోసే మిషిన్. పట్నంల ఎవరో తెల్లదొర ఇడిసిపెట్టి పోతుంటే మన దొర కొన్నడు. పెట్రోలు తాగి నడుస్తదట."

మోవరంటే మోసేవారు కాదు, మోయించుకునేవారన్నమాట. మామ గొడవ అక్కడికి తీరింది. అసలు గొడవ ఇంకా బండెక్కలేదు.

ఆ ఏడు ఆషాఢం సగం గడిచినా చినుకు లేదు. మేకలు ఎండుటాకుల కోసం కొట్లాడుకుంటున్నాయి. దొర ఉండే కోటలాంటి గడీ ముందరి పచ్చిక మాత్రం మోటనీళ్లు తాగి మోకాలెత్తు పెరిగింది. సాయంత్రం కలెక్టరు ఆ పచ్చిక మీదే కుర్చీ వేయించుకొని చాయ తాగబోతున్నాడు. "ఆయన వచ్చేటాళ్లకు గడ్డి సాపు గావాలె. అయ్యిందా, తోటపని నీది. కాలేదా, మళ్ల పోయి నీ మగ్గం గుంతల కూసో," అని దొర తేల్చి చెప్పాడు. నూలు దొరకక మగ్గం పస్తుంటే, మగ్గం వెనకే ఇల్లూ పస్తుంటున్న రోజులవి. గుంతలో కాళ్లు పెట్టుకొని బతికిన సిద్దిరాములుకు పైకి లాగడానికి అందిన చెయ్యి అదొక్కటే.

హుజూరాబాద్‌లో లారీ ఆఫీసు గుమాస్తా మిషిన్ కడుపులోని పెట్రోలు తీయించి, మూత బిగిసిన డబ్బాలో పోసి, హితవు కూడా పోశాడు. "డబ్బాను ఎండకు పెట్టకు. అగ్గి దగ్గరికి రానియ్యకు. మిషిన్‌ను పక్కకు ఒరగనియ్యకు. దీని నోట్లెకు దుమ్ము పోయిందా, ఇగ లేవది."

దారంతా దుమ్మే. కప్పడానికి ఏముంది? షావుకారుకు ఇద్దామని సిద్దిరాములు వెంట తెచ్చిన చీర ఉంది. షావుకారు దుకాణం మూసి ఉండటంతో అది చంకలోనే ఉండిపోయింది. పసుపుపచ్చ చీర, ఎర్ర అంచు, పురుగు పట్టకుండా సాలెవాళ్ల అలవాటు ప్రకారం మడతల్లో యాపరెమ్మలు. ఆ చీరనే మిషిన్‌కు చుట్టాడు. రెండు పిడులూ రెండు భుజాల్లా లేచాయి. రాలిన యాపరెమ్మలను పారేయబుద్ధి గాక అంచులోనే చెక్కాడు.

బండి కదిలింది. బాలమల్లు బీడీ తీశాడు.

"అన్నా, బీడీ లోపట వెట్టు. అగ్గి రావొద్దు."

"గిదేం మొక్కురా నాకు," అని గొణుగుతూ బాలమల్లు బీడీని చెవికి చెక్కాడు.

ఆ రోజు మంగళవారం. ఊరి పొలిమేరలో చెలక చేను దగ్గర ఐలవ్వ కనిపించింది. పోచమ్మ కొలుపులకు ముందు నడిచేది ఆమే. బండి మీద పసుపు చీర, యాపమండలు, నిలువెత్తు ఆకారం చూడగానే కొడవలి కింద పెట్టి చేతులు జోడించింది.

"ఎక్కడికి పోతుందిరా సిద్దిరాములు?"

"గడీకి," అన్నాడు సిద్దిరాములు గర్వంగా. ఊరందరికీ మిషిన్ సంగతి తెలిసే ఉంటుందని అతని నమ్మకం.

"మొక్కి ముట్టుకోవాల్నా?"

"ముట్టుకోవద్దు. దీపం గీపం అసలే తేవద్దు. భగ్గుమంటది."

ఐలవ్వ రెండడుగులు వెనక్కి వేసింది. "మరి కాళ్లకు నీళ్లారబోస్తం."

"నీళ్లు దీనికి పడయి. ఇది తాగేది వేరే. అది పొయ్యంది అడుగు గూడ కదలది."

"ఏం జేస్తదిరా?"

"ఏం జేస్తదా? సాయంత్రం జూడు. లేసిన తలకాయ లేసినట్టే, ఒక్క తిరుగుడుకు అన్నీ కోసి పారేస్తది."

ఐలవ్వ ఇక నిలబడలేదు. నీళ్లు పడనిది, తాగేది వేరేది, తలలు కోరేది. ఇందులో అర్థం కానిదేముంది? వానలు ఎందుకు రావడం లేదో కూడా తెలిసిపోయింది. బండి గడీ చేరేసరికి వెనక డప్పులున్నాయి, కల్లు ముంతలున్నాయి, మొక్కిన మేకలున్నాయి. ఇంత మర్యాద తన మిషిన్‌కే అనుకొని సిద్దిరాములు ఛాతీ విరిచాడు. తోటపని తన చేతికి వచ్చేసిందన్న సంబరంలో దొరకు కబురు చెప్పడానికి లోపలికి పరిగెత్తాడు.

గడీ ముందు గడబిడ అప్పుడు మొదలైంది. ఐలవ్వ చీర చెంగు తొలగించి చూస్తే పైన చిన్న మూత కనిపించింది. "తల్లి నోరు తెరిసింది," అంది. కల్లుతో సాకపోశారు. ఒక ముంత కాదు, పట్టినంత.

సిద్దిరాములు తిరిగొచ్చి, పెట్రోలు డబ్బా ఎత్తి, మిషిన్ మూత తీస్తే లోపల నిండుగా ఉంది. గుమాస్తా సరిగా తీయించలేదేమో అనుకున్నాడు. మిషిన్‌ను లేపే తాడు పట్టి గట్టిగా లాగాడు. మిషిన్ ఒకసారి వణికి, బుస్సుమని, మూతి నిండా నురగ కక్కింది.

"పూనకం," అంది ఐలవ్వ. డప్పులు అందుకున్నాయి. డప్పులకు బెదిరి మేకలు తాళ్లు తెంపుకొని గడీ తోటలోకి చొరబడ్డాయి. అటు చూసినవాడు లేడు, అందరి చూపూ నురగ మీదే.

సిద్దిరాములు నురగను వేలికి తీసి వాసన చూశాడు. మొహం తెల్లబడింది. "ఐలవ్వా, గిదేం జేసినవే? పెట్రోలు తాగేదానికి కల్లు వోస్తివి."

జైపాల్‌రావు మెట్లు దిగివచ్చాడు. డప్పులు ఆగాయి. "ఏందిరా గీ లొల్లి?"

ఇక దాచడానికేమీ లేదు. సిద్దిరాములు చీర మొత్తం తీసేసి చక్రాలు చూపించాడు, కత్తి చూపించాడు, యాపరెమ్మలు ఎందుకున్నాయో చెప్పాడు. కోసేది గడ్డి తలలేనన్నాడు. డబ్బా మూత తీసి అందరికీ పెట్రోలు వాసన చూపించాడు.

"మిషిన్ అని ముందుగాల్నే చెప్పొద్దారా," అంది ఐలవ్వ.

"నువ్వు అడిగిన దానికల్ల చెప్తిగదనే."

"చాలు," అన్నాడు దొర. "గింకొంచెం సేపుంటే కలెక్టర్ వస్తడు. గిది తాగి పడ్డది. గడ్డి ఎవడు గోస్తడు, నేనా? పోరా, నీ గుంతల నువ్వు కూసో."

సిద్దిరాములు చీర మడత పెట్టుకోసాగాడు. అప్పుడు అరుగు మీంచి దొరసాని సరళాదేవి గొంతు వినిపించింది.

"తిట్టుడు తర్వాత గానీ, ముందుగాల గడ్డి యాడున్నదో సూడుండ్రి."

అందరూ తిరిగారు. పచ్చిక మీద మేకలు వరసగా తలలు వంచి, ఆఖరి మూల దగ్గర పని ముగిస్తున్నాయి. ఇన్నాళ్లూ ఎండుటాకులు నమిలిన ఆకలది. పచ్చిక తివాచీలా సాపుగా ఉంది. దొరసాని గులాబీలు కూడా అంతే సాపుగా ఉన్నాయి, అది వేరే మాట.

కలెక్టరు చాయ తాగుతూ పచ్చికను చేత్తో నిమిరి, ఏ మిషిన్‌తో కోయించారని అడిగాడు. దొర తల తిప్పకుండా, మళ్లీ చీర కప్పి మూలన నిలబెట్టిన మిషిన్ వైపు చూపించాడు.

తోటపని సిద్దిరాములుకు దక్కింది. మొక్కు తీరినట్టే లెక్క గనుక మేకల మెడలూ దక్కాయి. మిషిన్ కొట్టంలో తడి తగలని మూల, నిప్పుకు దూరంగా, ఒరగకుండా, ఖాళీ కడుపుతో, చీర కప్పుకొని ఉంటుంది. అన్నీ తెలిసి కూడా ఐలవ్వ మంగళవారం మంగళవారం దానికి కొత్త యాపమండ పెట్టి పోతుంది, ఎందుకైనా మంచిదని. జిల్లా మొత్తంలో ఇంత భద్రంగా ఉన్న మిషిన్ ఇంకొకటి లేదు. గడ్డిని మాత్రం అది ఇంతవరకు చూడలేదు.