లేవని పిడికిలి

దిల్‌సుఖ్‌నగర్ వెనక కాలనీలో ఉండే విజయశ్రీ ఆ రోజుకు వేసుకున్న ప్లానులో వంక పెట్టడానికి ఏమీ లేదు. పొద్దున ఆరింటికి కాలనీ హాల్లో ఆడవాళ్ల వ్యాయామం క్లాసు, ఆ తర్వాత వంట, సాయంత్రం ఐదింటికి ఎల్బీనగర్ చౌరస్తాలో తెలంగాణ సభ. సకల జనుల సమ్మె మొదలై పది రోజులైంది. కాలనీ మహిళా జేఏసీకి ఆవిడే కన్వీనరు. మొదటిసారి వేదికెక్కి, పిడికిలెత్తి నినాదాలు ఇవ్వబోతోంది. ఆ పిడికిలి కోసం వారం రోజులుగా అద్దం ముందు సాధన కూడా చేసింది.

క్లాసు నడిపే ప్రణతి బరువుల విషయంలో మహా కచ్చితం. "రెండు కిలోలు పన్నెండుసార్లు తిప్పలు లేకుండ లేస్తెనే వచ్చే వారం అర కిలో పెంచుదం. పక్కోళ్లను చూసి పెంచొద్దు" అని రోజూ చెప్పేది. ఆ రోజు కూడా అది వినగానే విజయశ్రీ పక్కకు చూసింది. పక్కన సీతామహాలక్ష్మి. భీమవరం నుంచి వచ్చి పదేళ్లుగా ఇదే కాలనీలో ఉంటోంది. నెలన్నరగా క్లాసుకు వస్తూ మూడు కిలోల దాకా చేరింది. చేరి మూడు రోజులైన విజయశ్రీ చేతుల్లో రెండేసి. సమ్మె రోజుల్లో ఈ తేడాను కన్వీనరన్న మనిషి ఎలా భరిస్తుంది? ప్రణతి అటు తిరగగానే ఐదు కిలోలవి అందుకుంది.

"ఐదు వద్దండీ, భుజం పట్టేస్తుంది" అంది సీతామహాలక్ష్మి మెల్లగా.

"మీరు చెప్తె మేము ఇనాల్నా? వడ్ల బస్తాలు మోసినోళ్లం."

నల్లగొండ దగ్గరి ఊళ్లో విజయశ్రీ మోసింది స్కూలు సంచీ ఒక్కటే. బస్తాలు మోసింది వాళ్ల నాన్న. నాలుగోసారి తలపైకి ఎత్తగానే కుడి భుజం కలుక్కుమంది. నవ్వు మొహంతో దించేసింది.

పదింటికల్లా ఆ చెయ్యి నడుము దాటి పైకి రానంది. భర్త జగన్ అడిగితే "పండుకున్నప్పుడు పట్టేసింది" అంది. జడ ఆయనే అల్లాల్సి వచ్చింది. అది చెవి పక్కనుంచి మొదలైంది. సభకు రానని చెప్పొచ్చు. కానీ ఎందుకో కూడా చెప్పాలి.

సాయంత్రం చౌరస్తా కిక్కిరిసింది. ఎడమచేత్తో మైకు పట్టుకుని విజయశ్రీ "జై తెలంగాణ" అంది. వేల పిడికిళ్లు లేచాయి. ఆవిడది చీర కుచ్చిళ్ల దగ్గరే ఉండిపోయింది.

"చెయ్యి లేపుతలేదేంది?" అంది ముందు వరసలో కూర్చున్న పక్కింటి కౌసల్యమ్మ. రెండో వరసకు అది "లేపనన్నదట" అయింది. ఐదో వరసలో ఆవిడ రాజీనామా చేసింది. చాయ్ బండి దగ్గరికి చేరేసరికి వేరే పార్టీలో చేరిపోయింది. "దించుర్రి ఆమెను" అన్నారెవరో. ఐదు కిలోల సంగతి మైకులో చెప్పడానికి విజయశ్రీకి నోరు రాలేదు. సిగ్గుతో తల దించుకుంది. తల మాత్రం బాగానే దిగింది.

బస్సుల్లేక వనస్థలిపురం నుంచి నడిచి ఇంటికి వస్తున్న సీతామహాలక్ష్మి ఇదంతా చూసింది. మెట్లెక్కి వచ్చి విజయశ్రీ వెనక నిలబడింది. "మోచెయ్యి నాకొదిలెయ్యండి. మీరు కానివ్వండి" అంది చెవిలో. నినాదం వచ్చినప్పుడల్లా ఆ చేతిని కిందినుంచి ఎత్తింది, మెల్లగా దించింది. అలా నలభైసార్లు. విజయశ్రీ కళ్లలో నీళ్లు తిరిగాయి. జనం ఆవేశమనుకుని చప్పట్లు కొట్టారు. పొద్దున తానన్న మాట గుర్తొస్తుంటే ఆవిడకు ఆ వేదిక కిందే దూరిపోవాలనిపించింది.

మర్నాడు క్లాసులో సీతామహాలక్ష్మి చెయ్యి కూడా లేవలేదు.

"నిన్న ఎంత ఎత్తిన్రు?" అని ప్రణతి గుచ్చి అడిగింది.

"ఏం లేదండీ, పడుకున్నప్పుడు పట్టేసింది."

విజయశ్రీ ఇక ఉండలేకపోయింది. "అబద్ధం మేడం. ఈమె వద్దన్నా ఇనకుండ నేను ఐదు కిలోలెత్తిన. సాయంత్రం సభల ఈమె నా చెయ్యి నలభైసార్లెత్తింది" అని అందరి ముందూ చెప్పేసింది. "నాదే తప్పు వదినా. నీ మొఖం చూడాల్నంటె సిగ్గయితుంది."

"కొత్త బరువును మొదటిరోజే నలభైసార్లు ఎవరెత్తమన్నరు?" అంది ప్రణతి.

ఇద్దరికీ బరువులకు బదులు చెరో అర లీటరు నీళ్ల సీసా ఇచ్చింది. ఇచ్చాక మళ్లీ ఆలోచించి, సగం నీళ్లు ఒంపేసింది.