ఏడుగురు జోసెఫ్‌లున్న ఇల్లు

అమెరికాలోని టొలీడో ఊరి ప్రజలకు తెలియజేయునది ఏమనగా: కీర్తిశేషురాలు స్టెల్లా నోవిట్స్కీ గారి ఇల్లు, గులాబీరంగు టైల్స్ పరిచిన స్నానాలగదితోనూ, నలభై ఏళ్ల క్యాబేజీ వాసనతోనూ సహా అమ్మకానికి ఉంది. అదే వీధిలో ఇంకో తొమ్మిది ఇళ్లు కూడా అమ్మకానికి ఉన్నాయి. ఆ సంగతి ప్రకటనలో వేయలేదు.

విల్లు ప్రకారం ఇల్లు అమ్మిపెట్టే భారం పెద్దకూతురు లొరెట్టాది. చిన్నప్పటినుంచీ అంట్లు తోమింది ఆవిడే కనుక ఇదీ ఆవిడకే దక్కింది. ముగ్గురు పిల్లలూ సంతకం పెడితేనే అమ్మాలని కూడా ఆ మహాతల్లి రాసిపోయింది. చలికాలంలోగా అమ్ముడుపోకపోతే ఖాళీ ఇంట్లో గొట్టాల్లో నీళ్లు గడ్డకట్టి అవి పగులుతాయి. ఆ తరవాత అమ్మడానికి గోడలే ఉంటాయి.

ఇళ్ల ధరలు పడిపోయాయని ఊరంతా ఏడుస్తున్నా, తమ్ముడు కాజ్ మాత్రం ఒప్పుకోడు.

"మూడేళ్ల కిందట ఎదురింటికి తొంభై వేల డాలర్లొచ్చాయక్కా! మనకి తొంభైఅయిదు. గులాబీ టైల్స్ ఉన్నాయిగా!"

అక్టోబరు వచ్చింది, కొనేవాళ్లు రాలేదు. ఇక లొరెట్టా నలుగురూ చేసే పనే చేసింది. ఇల్లు తొందరగా అమ్ముడుపోవాలని, ఏసుప్రభువును పెంచిన తండ్రి సెయింట్ జోసెఫ్ బొమ్మను, అరచేయంతది, పెరట్లో తలకిందులుగా పాతిపెట్టింది. ఇల్లు అమ్ముడయ్యాక తీసి, కడిగి, అల్మారాలో పెట్టుకోవాలి. పెద్దమనిషిని తలకిందులు చేస్తేగానీ పని జరగదని అక్కడివాళ్ల భక్తి.

అక్క సరిగ్గా పాతి ఉండదని చెల్లెలు డొలొరెస్ ఇంకొకటి పాతింది. ధర పెద్దది గనుక కాజ్ మూడు పాతాడు. మొదటాయన పక్కకి ఒరిగాడేమోనని లొరెట్టా మరొకటి. మర్యాదకి, ఇల్లు అమ్మిపెట్టే ఏజెంటు ఒకటి.

ఎట్టకేలకు ఒక కుర్రజంట వచ్చింది, వెంట ఆ పిల్ల బామ్మ. ఆవిడ గదులేమీ చూడలేదు. నేరుగా పెరట్లోకి వెళ్లి, చేతికర్రతో పొడిచి పొడిచి లెక్కపెట్టింది.

"ఏడుగురా! మా ఇంటికి ఒక్కడే సరిపోయాడే తల్లీ. దీనికేం రోగం?"

"రోగమేం లేదు బామ్మగారూ, మావాళ్లకి భక్తి ఎక్కువ," అంది లొరెట్టా.

"భక్తికి ఒకడు చాలు. ఏడుగురంటే భయం. అరవై వేలు, అంతే."

డొలొరెస్ సంతకం పెట్టేసింది. కాజ్ ఎగిరిపడ్డాడు.

"అరవైకా? అమ్మ రొట్టెపిండి పిసికిన ఇల్లే అది! సంతకం గింతకం లేదు, పో!"

ఆదివారం చర్చి హాల్లో లొరెట్టా పియెరోగీలనే పోలిష్ కజ్జికాయలు తింటూంటే, తనలాగే చనిపోయిన తల్లి ఇల్లు అమ్ముకుంటున్న స్నేహితురాలు ఐరీన్ వచ్చి కూలబడింది.

"నిన్న ఎర్రటోపీవాడొకడు ఇల్లు కొంటానని వచ్చాడే. పెరడంతా తవ్వి నలుగురు జోసెఫ్‌లను బయటికి తీసి, వరసగా నిలబెట్టాడు. 'ఇళ్లకి ధరెక్కడుందమ్మా ఇప్పుడు? మీ అమ్మ జ్ఞాపకాలకి నేనెందుకు డబ్బివ్వాలి? సగానికిచ్చెయ్' అన్నాడే!"

"టోపీ మీద ఎడంచెవి దగ్గర తెల్లమరక ఉందా?"

"ఉంది. నీకెలా తెలుసు?"

"మా తమ్ముడు అమ్మ గరాజుకి రంగేసినప్పుడు పడిందిలే."

సాయంత్రం లొరెట్టా అమ్మకం కాగితం పట్టుకుని తమ్ముడి గుమ్మం ఎక్కింది. కేకలు లేవు, కన్నీళ్లు లేవు.

"ఐరీన్ వాళ్లమ్మ కూడా రొట్టెపిండి పిసికిందిరా కాజ్."

కలం కూడా తనే వెతుక్కుని సంతకం పెట్టాడు మహానుభావుడు.

తొలిమంచు పడకముందే ఇల్లు చేతులు మారింది. ఏడుగురు జోసెఫ్‌లనూ తీసి కడిగారు. అల్మారాలోకి మాత్రం ఒక్కరూ చేరలేదు. అందరినీ కాజే మోసుకుపోయాడు. ఐరీన్ ఇల్లు కొనాలంటే ముందు తన ఇల్లు అమ్ముకోవాలి కదా! ధరంటారా? పైసా తగ్గించడట. అతని వంటింట్లో పచ్చ టైల్స్ ఉన్నాయి.

నవ్వకండి. మీ ఇల్లు ఎంత చేస్తుందనుకుంటున్నారో ఒక్కసారి పైకి చెప్పండి, విందాం.